ప్రతి ఆయాసమూ ఉబ్బసం కాదు

చరకుడు శ్వాసరోగాలను ఐదు విధాలుగా చెప్పాడు. మనం మాత్రం ఆయాసమనగానే ఉబ్బసమని తలుస్తాం. నేనూ అలాగే పొరబడ్డాను.

పదిహేనేండ్లుగా రాళ్లు కోసే యంత్రం వద్ద పనిచేస్తున్న ఒకాయన పొడిదగ్గుతో, మెట్లెక్కితే వచ్చే ఆయాసంతో నా వద్దకు వచ్చాడు. తమకశ్వాసగా భావించి అడ్డసరం కషాయం, సితోపలాది చూర్ణం మూడు నెలలు ఇచ్చాను. గుణం కనిపించలేదు. పిల్లికూతలు లేవన్న సంగతిని నేను పట్టించుకోలేదు. చివరకు స్పైరోమెట్రీ పరీక్షకు పంపాను.

ఇందులో గుండెల నిండా గాలి పీల్చి, గొట్టంలోకి బలంగా, పూర్తిగా ఊదాలి. జాన్ హచిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు 1846లో ఈ సాధనాన్ని లోకానికి వివరించాడు. మొత్తం ఊదిన గాలిని ఎఫ్.వి.సి. అని, మొదటి సెకనులో వెలువడిన గాలిని ఎఫ్.ఇ.వి.1 అని అంటారు. ఈ రెండింటి నిష్పత్తే కీలకం.

ఉబ్బసంలో శ్వాసనాళాలు ఇరుకవుతాయి గనుక గాలి నెమ్మదిగా వస్తుంది; నిష్పత్తి పడిపోతుంది. ఊపిరితిత్తులు గట్టిపడితే గాలి వేగంగానే వస్తుంది, కాని కొద్దిగానే వస్తుంది. ఇరుకు మూతి కుండకూ, చిన్న కుండకూ ఉన్న తేడా ఇదే.

ఆయన వయసుకూ ఎత్తుకూ 4 లీటర్లు రావలసి ఉండగా 2.4 లీటర్లే వచ్చింది. అందులో 2.04 లీటర్లు మొదటి సెకనులోనే వెలువడింది. అంటే నిష్పత్తి 85 శాతం. నాళాలలో అడ్డంకి కనబడలేదు, కుండే చిన్నదయిందేమో!

అయితే ఇంతటితో నిర్ధారణ చేయరాదు. సరిగా ఊదకపోయినా ఎఫ్.వి.సి. తగ్గుతుంది. పైగా ఎంత ఊదినా లోపల కొంత గాలి మిగులుతుంది. దానిని స్పైరోమెట్రీ కొలవలేదు. దానితో కలిపి మొత్తం పరిమాణాన్ని, అనగా టి.ఎల్.సి.ని, వేరే పరీక్షతో కొలవాలి. అది ఉండవలసిన కనీస హద్దుకన్నా తక్కువైతేనే రూఢి. స్థూలకాయం, గూని, కండరాల బలహీనత వల్ల కూడా ఇది తగ్గవచ్చు. వాయువు రక్తంలోకి చేరే శక్తిని చూపే డి.ఎల్.సి.ఓ. కూడా బాగా తగ్గితే, లోపం ఊపిరితిత్తులలోనే ఉందని అనుమానించాలి.

ఆయనకు రెండూ తగ్గాయి. ఎక్స్‌రేను, చేసే పనిని కలిపి చూసి ఛాతీ వైద్యులు సిలికోసిస్ అని తేల్చారు. రాతిదుమ్ము వల్ల గట్టిపడిన భాగాన్ని ఏ కషాయమూ మెత్తబరచలేదు. దుమ్ముకు దూరం కావడమే మొదటి కర్తవ్యం. ఈ వ్యాధిలో క్షయ సోకే ప్రమాదం ఎక్కువ గనుక కఫపరీక్ష కూడా అవసరం.

ఆయన ఆ పని మానివేశాడు. కాని నా మందు వాడిన మూడు నెలలూ రాళ్లు కోస్తూనే ఉన్నాడు. అందుకే ఇప్పుడు, ఆయాసమని వచ్చిన వారిని మందు వ్రాయకముందే అడుగుతున్నాను: "మీరేం పని చేస్తారు?"