పాత ట్రాక్టరు పనిలో ఆగిపోవుచున్నదా? ముందు ట్యాంకు మూత చూడుడు, పంపు సంగతి పిదప



కాడి ఎద్దు నడుమ మొరాయించినచో మీరేమి చేయుదురు? కాలిలో ముల్లు గుచ్చుకొన్నదేమో చూతురు, మెడ మీద కాడి ఒరుసుకొన్నదేమో చూతురు, ఉదయము నీరు త్రాగినదా లేదా అని విచారింతురు. అంతేగాని మొదటనే కత్తి పట్టి పొట్ట కోయరు గదా! కాని ట్రాక్టరు మొరాయించినపుడు మనలో పెక్కురు చేయుచున్న పని అదియే. ఇంజను రెండు సార్లు ఆగినంతనే "పంపు పోయినది" అని తీర్మానించి, ఇంధనమును చిమ్ము ఎఫ్.ఐ. పంపును విప్పించుచున్నారు. డబ్బు పోవును, దినములు పోవును, ట్రాక్టరు మాత్రము మరల ఆగుచునే యుండును.

ఒక అనుభవము

గోదావరి డెల్టాలో ఒక సార్వా కాలమున ఒక పెద్ద రైతు నన్ను తన చేనికి రమ్మని కబురంపినారు. ఆయన ట్రాక్టరు ఇరువది అయిదేండ్ల నాటిది. దమ్ములో దింపిన అరగంట వరకు చక్కగా నడచును. తరువాత ఇంజను ధ్వని మెల్లగా తగ్గి ఆగిపోవును. పావుగంట ఊరకుండి తిప్పినచో ఏమియు ఎరుగనట్లు మరల అందుకొనును. కాలువ నీటి వంతు ముగియవచ్చినది. నారు ముదురుచున్నది.

"రెండుసార్లు పంపు విప్పించానండి. దాళ్వాలో మిగిలిందంతా దానికే పోయింది. ఇక దీన్ని అమ్ముకోమంటారా?" అని ఆయన అడిగినారు.

నేను ట్యాంకు వైపు చూచితిని. మూత లేదు. దానికి బదులు పాలిథీను కాగితము కప్పి, సైకిలు ట్యూబు ముక్కతో గట్టిగా బిగించియున్నది. "ఇదేమిటి?" అని అడుగగా, "పాత మూత చేలో పడిపోయిందండి. వాన నీరు దిగకుండా కట్టాను" అని డ్రైవరు కుర్రవాడు చెప్పినాడు. ఈసారి ఇంజను ఆగినంతనే ఆ ట్యూబు వదులు చేయించితిని. బుస్సుమని గాలి లోనికి పోయినది. తిప్పగనే ఇంజను అందుకొన్నది. ప్రక్క ఊరి నుండి సరియైన మూత తెప్పించి పెట్టిరి. సాయంకాలమునకు దమ్ము పూర్తియైనది. ఆ మూత వెల ఎక్కడ, రెండుమార్లు పంపు విప్పించిన ఖర్చెక్కడ! రోగమొకటి, మందొకటి అనుట దీనినే.

అసలు కారణమేమి?

దమ్ములో 35 గుర్రపు శక్తి గల ట్రాక్టరు గంటకు సుమారు 4, 5 లీటర్ల డీజిలు త్రాగును. ట్యాంకులో ఎంత డీజిలు తగ్గునో అంత గాలి లోనికి రావలెను. ఇందుకై మూతలో సన్నని రంధ్రముండును. అది బురదతోనో, గ్రీజుతోనో, దుమ్ముతోనో పూడినచో ట్యాంకు లోపల శూన్యమేర్పడి డీజిలును క్రిందికి దిగనీయదు. ఇంజను ఆగిన పిదప సందులగుండా కొద్దిగా గాలి చేరును. అందుచేత పావుగంటకు మరల నడచును.

డీజిలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు లేదని మీరెరుగుదురు. ఒకసారి అందుకొని తిరుగుచున్న ఇంజనుకు కావలసినవి ముఖ్యముగా రెండే: పరిశుభ్రమైన డీజిలు, పరిశుభ్రమైన గాలి. డీజిలు ట్యాంకు నుండి కాక్, ఫీడ్ పంపు, ఫిల్టర్లు, ఎఫ్.ఐ. పంపు, నాజిళ్ళు అను వరుసలో ప్రయాణించును. లోపము వెదకుట కూడ ఈ వరుసలోనే, ట్యాంకు నుండి మొదలు పెట్టవలెను. తేలికది, చౌకైనది ముందు. కష్టమైనది, ఖర్చైనది చివర.

ఆగు తీరును గమనింపుడు

స్పానరు పట్టుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. ఎంత సేపటికి ఆగినది? మెల్లగా ఆగినదా, ఉన్నట్లుండి ఆగినదా? పొగ ఏ రంగున వచ్చినది? మరల ఎప్పుడు అందుకొన్నది? వీని జవాబులే సగము మందు.

1. అరగంటయో, గంటయో నడచి, పొగ లేకుండ మెల్లగా ఆగి, కొంతసేపటికి తిరిగి నడచినచో ముందు మూత రంధ్రమును చూడుడు. అది బాగున్నచో ట్యాంకు అడుగు చూడుడు. చెత్తయో, గుడ్డపీలికయో డీజిలుతో పాటు లాగబడి కాక్ ద్వారమునకు అడ్డు పడును. ఇంజను ఆగగనే తొలగిపోవును.

2. ఊరక తిరుగునపుడు బాగుండి, నాగలి దింపగనే ఆగినచో ఫిల్టరు మూసికొనియుండవచ్చును. ఫీడ్ పంపు వద్ద నుండు జల్లెడను కూడ విప్పి కడుగుడు. కాగితపు ఫిల్టరును కడిగి మరల వాడుట మంచిది కాదు, క్రొత్తది వేయుడు.

3. వేగము పెరుగుచు తగ్గుచు ఊగిసలాడినను, గట్టు ఎక్కునపుడు, ట్యాంకులో డీజిలు తక్కువైనపుడు ఆగినను గొట్టములలో గాలి పట్టినదని అనుమానింపుడు. ఫీడ్ పంపునకు ముందున్న గొట్టములో సన్నని చీలిక యున్నచో, పని జరుగునపుడు డీజిలు బయటికి కారక, గాలియే లోనికి పోవును. కావున ఇంజను ఆపి, కాక్ తెరచి యుంచి, గొట్టములను గుడ్డతో తుడిచి, ఎక్కడ చెమ్మ తేలునో చూడుడు. రాగి వాషర్లు, రబ్బరు గొట్టముల కొసలు ముఖ్యముగ పరీక్షింపదగినవి.

4. తడబడుచు, దగ్గుచు ఆగినచో డీజిలులో నీరు కలసియుండవచ్చును. ఫిల్టరు అడుగు స్క్రూ వదులు చేసి గాజు సీసాలోనికి కొంత పట్టుడు. కొంతసేపు కదపక ఉంచినచో నీరు అడుగున వేరుగా తేలిపోవును.

5. నల్లని పొగ వచ్చి, శక్తి చాలక ఆగినచో గాలి చాలలేదని గాని, భారము మించినదని గాని అర్థము. పాత ట్రాక్టర్లలో గాలిని శుభ్రపరచు నూనె గిన్నెను విప్పి, మట్టి పట్టిన నూనెను తీసివేసి, గుర్తు వరకు క్రొత్త నూనె పోయుడు. నూర్పిళ్ళ కాలములో దీనిని ప్రతిదినము చూడవలెను.

6. ఉన్నట్లుండి, కత్తిరించినట్లు ఆగినచో ఇంజనును ఆపు తీగను చూడుడు. అది పూర్తిగా వెనుకకు పోక, అదురుకు జరిగి ఇంజనును ఆపివేయవచ్చును. కొన్ని ట్రాక్టర్లలో ఈ పని విద్యుత్తుతో జరుగును. అట్టివానిలో తీగ కొసలు వదులైనవేమో చూడుడు.

7. వేడి ముల్లు ఎర్ర గీత దాటి, ఇంజను బిగుసుకొని ఆగినచో బలవంతముగ తిప్పవలదు. పూర్తిగా చల్లారనిచ్చి, నీరు, నూనె, ఫ్యాను బెల్టు చూచి, మెకానిక్కును పిలువుడు. వేడి మీద రేడియేటరు మూత తీయుట ప్రమాదకరము.

గాలి తీయు విధము

గొట్టమును గాని, ఫిల్టరును గాని విప్పిన పిదప గాలి తీసివేయుట తప్పనిసరి. ట్యాంకులో చాలినంత డీజిలు పోసి, కాక్ తెరువుడు. ఫిల్టరు మీది గాలి స్క్రూను వదులు చేసి, ఫీడ్ పంపు చేతిమీటను కొట్టుడు. మొదట నురుగు వచ్చును. బుడగలు లేని డీజిలు ధార వచ్చిన తరువాత, మీట కొట్టుచునే స్క్రూ బిగింపుడు. రెండు ఫిల్టర్లున్నచో రెంటికిని, తరువాత ఎఫ్.ఐ. పంపు మీది స్క్రూకు ఇట్లే చేయుడు.

నడుచుచున్న ఇంజను నాజిలు గొట్టముల వద్ద చేయి పెట్టవలదు. అచ్చటి డీజిలు మిక్కిలి ఒత్తిడితో చర్మమును చీల్చి లోనికి పోగలదు. గాయము చిన్నదిగ కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఈ పని చేయునప్పుడు బీడీ, దీపము దరికి రానీయకుడు.

నీరు చేరకుండుటకు

పని ముగియగానే, సాయంకాలమే ట్యాంకు నింపుడు. సగము ఖాళీగ నున్న ట్యాంకులోని గాలి రాత్రి చలికి చల్లబడి, అందలి తేమ నీటిబొట్లుగ గోడలకు పట్టి డీజిలులో దిగును. డ్రమ్ములో నిల్వ చేసినచో వాన పడని చోట ఉంచి, కదిలించిన పిదప ఒక దినమైనను తేరనిచ్చి, అడుగు డీజిలును విడిచి పై డీజిలునే తీసికొనుడు. దానిని సన్నని జల్లెడ గల గరాటుతో పోయవలెను. నూలుపీచు రాలు గుడ్డతో వడకట్టవలదు. ఆ పీచే ఫిల్టరుకు అడ్డు పడును.

ఆగినపుడు జాగ్రత్త

గట్టు మీద గాని, నిండు ట్రక్కుతో ఏటవాలున గాని ఇంజను ఆగినచో తొందరపడి న్యూట్రలుకు తేవలదు. బ్రేకు త్రొక్కి పట్టి, చక్రముల క్రింద రాయియో, దుంగయో వేయించి, బ్రేకు లాకు వేసిన తరువాతనే దిగుడు. రోటవేటరు, నూర్పిడి యంత్రము నడుచుచున్నపుడు ఆగినచో, దానికి శక్తి నిచ్చు మీటను ముందు విడదీసి, ఆ పిమ్మట ఇంజను దగ్గరకు పొండు. ఇంజను ఒక్కసారిగ అందుకొన్న చేతులు పోవును. మాటిమాటికి ఆగు ట్రాక్టరుకు ట్రక్కు తగిలించి, మనుషులను ఎక్కించుకొని రోడ్డెక్కుట ఎంత మాత్రము తగదు.

పంపు ఎప్పుడు విప్పించవలెను?

మూత, ట్యాంకు, ఫిల్టర్లు, గొట్టములు, గాలి, నీరు అన్నియు చూచి, ఏదియు కారణము కాదని తేలిన పిదపనే పంపు సంగతి ఆలోచింపుడు. అప్పుడును చెట్టు క్రింద విప్పనీయక, పరీక్షించు బల్ల గల కార్ఖానాకు పంపుడు. పంపు మీది సీలును మీరు విప్పవలదు.

ట్రాక్టరు పెట్టెలో ఒక చిన్న పుస్తకము, పెన్సిలు ఉంచి, ఆగిన ప్రతిసారి తేదీ, వేళ, చేయుచున్న పని, పొగ రంగు వ్రాయించుడు. మెకానిక్కు వచ్చినపుడు ఆ పుటయే వానికి దారి చూపును. మీ ఇంటి యువకులకు ఈ పనులు నేర్పదలచినచో, అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ గలదు. అందు యంత్రముల వాడుక, సంరక్షణలలో శిక్షణ ఇచ్చుచున్నారు.

పాతదగుట ట్రాక్టరు దోషము కాదు. పదును ఆరిపోకముందే దున్నవలెను, నారు ముదరకముందే నాటవలెను. ఆ అదనులో ఒక దినము ట్రాక్టరు నిలిచినచో నష్టము చేనికే. రేపు ఉదయము పనికి పోవుటకు ముందు ట్యాంకు మూత తీసి, దాని రంధ్రమును ఒక్కమారు చూడుడు. అందుకు ఒక్క నిమిషము చాలును.