రివెట్ ఎందుకు ఊడదు?

గూడ్సు బండి కుదుపులకు మామూలు నట్టు మెల్లగా వదులవ్వచ్చు. రివెట్‌కు అసలు మరలే ఉండవు, ఇక వదులయ్యేదెలా?

ఒక చివర గుండ్రటి తల ఉన్న లోహపు కడ్డీ ఇది. ఎర్రగా కాల్చి, రెండు రేకుల రంధ్రంలో దూర్చి, రెండో చివరను సుత్తితో కొట్టి ఇంకో తల చేస్తారు. అసలు కిటుకు ఆ తర్వాతే! చల్లారేటప్పుడు కడ్డీ పొడవు తగ్గుతుంది. రెండు తలలూ రేకులను గట్టిగా నొక్కిపడతాయి. 1943లో రాకపోకలకు తెరిచిన కోల్‌కతా హౌరా వంతెనను ఇలాగే కూర్చారు.

మరి వెనకవైపు చేయి పట్టకపోతే? అక్కడ పాప్ రివెట్. బోలు గొట్టంలోని మేకును తుపాకీలాంటి పనిముట్టు ఇవతలికి లాగుతుంది. అవతల గొట్టం ఉబ్బుతుంది, మేకు పుటుక్కున తెగుతుంది. పలుచని రేకులకు భలే అనువు, వంతెన బరువుకు మాత్రం చాలదు.

తీయాలంటే? మామూలుగా తలను డ్రిల్లుతో తొలిచేస్తారు.