మరపడవలో ఇన్వర్టరు అమర్చు విధానము

విశాఖపట్నము, కాకినాడ, మచిలీపట్నము, నిజాంపట్నము మొదలగు రేవులనుండి వేటకు వెళ్లు మరపడవలు పలుదినములు సముద్రముమీదనే గడుపుచుండును. అట్టి పడవలలో దీపములకు, సెల్‌ఫోనుల చార్జింగునకు, చిన్న ఫ్యానునకు ఇంటి కరెంటువంటి 230 వోల్టుల కరెంటు అవసరమగుచున్నది. బ్యాటరీలోని 12 వోల్టుల డి.సి. కరెంటును 230 వోల్టుల ఎ.సి. కరెంటుగా మార్చు పరికరమే ఇన్వర్టరు. దీనిని కొని తెచ్చుట సులభమే. కాని సరిగా బిగించనిచో నడిసముద్రమున ఇంజను స్టార్టు కాకపోవచ్చును. వైర్లు కాలి పడవ అంటుకొనవచ్చును. కావున తీరప్రాంత రైతు, మత్స్యకార సోదరులు ఈ క్రింది విషయములను శ్రద్ధగా గమనింపవలెను.

బ్యాటరీవైపు కరెంటు ఎంత?

230 వోల్టులంటే భయపడి ఆ వైపున జాగ్రత్త తీసుకొందురు. 12 వోల్టులు షాకు కొట్టవుగదా అని బ్యాటరీవైపు అశ్రద్ధ చేయుదురు. ఇది పొరపాటు. 600 వాట్ల ఇన్వర్టరు పూర్తిగా పనిచేయునపుడు 230 వోల్టులవైపు పారు కరెంటు 3 ఆంపియర్లకు లోపే. బ్యాటరీవైపున మాత్రము 600ను 12చే భాగించగా 50 ఆంపియర్లు వచ్చును. ఇన్వర్టరులో వృథాయగు శక్తినికూడ కలుపుకొన్నచో సుమారు 60 ఆంపియర్లు అగును. ఇంతటి కరెంటును సన్నని వైరులో పంపుట కాలువ నీటినంతను చిన్న బోదెలోనికి మళ్లించుటవంటిది. బోదె గట్టు తెగును, వైరు కాలును.

వైరు, దూరము

ఇన్వర్టరును బ్యాటరీకి ఎంత దగ్గరగా పెట్టిన అంత మంచిది. ఉదాహరణకు, రెండింటి నడుమ 5 మీటర్ల దూరముండగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడినచో, రానుపోను 10 మీటర్లలో 60 ఆంపియర్లవద్ద సుమారు ఒకటిముప్పావు వోల్టు తగ్గిపోవును. ఇన్వర్టరునకు 10 వోల్టులకు కొంచెము పైమాత్రమే చేరును. అనేక ఇన్వర్టర్లు 10.5 వోల్టుల ప్రాంతమున ఆగిపోవును. బ్యాటరీ చెడినదని తలచి క్రొత్తది కొన్నను ఫలితముండదు. అదే ఒకటిన్నర మీటరు దూరమున 25 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడినచో తగ్గుదల ఒక వోల్టులో ఎనిమిదవవంతు మాత్రమే.

ఉప్పుగాలికి తట్టుకొనుటకు తగరపు పూతగల, అనేక పోగుల రాగి వైరు శ్రేష్ఠము. కొనలకు లగ్గులు వేసి గట్టిగా నొక్కించవలెను. చేతితో మెలివేసిన అతుకులు పనికిరావు. రెండవ తీగకు బదులు పడవ ఇనుప భాగములనుగాని, ఇంజను శరీరమునుగాని వాడరాదు.

ఫ్యూజు

బ్యాటరీ పాజిటివ్ కొసనుండి జానెడు దూరములోపలనే ఫ్యూజు ఉండవలెను. పైన చెప్పిన ఇన్వర్టరునకు, 25 చదరపు మిల్లీమీటర్ల వైరునకు 80 ఆంపియర్ల ఫ్యూజు సరిపోవును. ఇన్వర్టరులోపల ఫ్యూజు ఉన్నదిగదా అని దీనిని మానరాదు. నడుమ వైరు ఒరిసిపోయి షార్టు అయినచో లోపలి ఫ్యూజు దానిని ఆపజాలదు. ఫ్యూజుగాని స్విచ్చిగాని డి.సి. కొరకు తయారైనదై యుండవలెను. ఇంటి ఎ.సి. బ్రేకరును ఇచట వాడినచో నిప్పురవ్వ తెగక మండుచునే యుండవచ్చును.

వేరు బ్యాటరీ

ఇంజను స్టార్టు చేయు బ్యాటరీకి ఇన్వర్టరును కలుపరాదు. రాత్రి దీపములకొరకు దానిని ఖాళీచేసినచో తెల్లవారి ఇంజను తిరుగదు. ఇన్వర్టరుకొరకు వేరుగా ట్యూబులర్ బ్యాటరీ ఉంచవలెను. 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగమే వాడుట మంచిది. అనగా సుమారు 900 వాట్-గంటలు. 60 వాట్ల వాడకము 10 గంటలసేపు ఇందు సులభముగా జరుగును. ఒకే ఆల్టర్నేటరుతో రెండు బ్యాటరీలను నింపవలసినపుడు, ఇంజను ఆగగానే వానిని విడదీయు రిలే పెట్టవలెను. జి.పి.ఎస్., వైర్‌లెస్ మొదలగునవి 12 వోల్టులతోనే పనిచేయునవైనచో వానిని ఇన్వర్టరుద్వారా నడుపుట శక్తిని వృథాచేయుటయే.

స్థలము, ఎ.సి. వైపు జాగ్రత్తలు

చార్జి అగునపుడు బ్యాటరీనుండి మండు స్వభావముగల హైడ్రోజను వాయువు వెలువడును. కావున బ్యాటరీకి గాలి తగులవలెను. పడవ ఊగినను కదలకుండ పట్టీతో కట్టవలెను. ఇన్వర్టరును బ్యాటరీకి సరిగా పైన పెట్టరాదు. ప్రక్కగా, నీరు చిందని, ఇంజను వేడి సోకని చోట బిగించవలెను.

తడి డెక్కుమీద 230 వోల్టులు ప్రాణాంతకము. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు తప్పక ఉండవలెను. అయితే కొన్ని ఇన్వర్టర్లలో న్యూట్రల్, ఎర్తుతో కలిసి యుండదు. అట్టివానిలో ఈ బ్రేకరు పనిచేయకపోవచ్చును. తయారీదారు పుస్తకమునుబట్టి తెలిసిన ఎలక్ట్రీషియనుచే దీనిని సరిచేయించవలెను. ఇష్టము వచ్చినట్లు కలిపినచో ఇన్వర్టరే చెడవచ్చును. జెట్టీమీది కరెంటు వాడునపుడు రెండును కలియకుండ చేంజోవరు స్విచ్చి అవసరము.

బిగించు సమయము

తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు ఉండు వేట విరామము ఈ పనికి అనువైన కాలము. పనికి ముందు ఉంగరము, గడియారము తీసివేయవలెను. పాజిటివ్, నెగటివ్ తారుమారైనచో ఇన్వర్టరు క్షణములో పాడగును. కావున రెండుసార్లు చూచి బిగించి, కొనలకు వ్యాసలైను పూయవలెను. తరువాత అరగంటసేపు పూర్తి బరువుమీద నడిపి, ఆపివేసి, లగ్గులను చేతితో తాకి చూడవలెను. ఏ లగ్గు వేడెక్కినదో ఆ అతుకు వదులుగా నున్నదని తెలిసికొనవలెను. దానిని ఒడ్డుననే సరిచేసికొని వేటకు బయలుదేరవలెను.