వరద తీసిన యిల్లు



నదీతీరవాసులమైన మనకు వరద క్రొత్త కాదు. కృష్ణయు తుంగభద్రయు మన పొలములకు ప్రాణాధారములు. ఒకానొక యేడు అవియే మన గడపలు దాటి లోనికి వచ్చును. నీరు వచ్చునప్పుడు పిల్లలను, వృద్ధులను, పశువులను తోడ్కొని మెరకకు పోవలెనని యెల్లరకు తెలియును. నీరు తీసిన పిమ్మట ఏమి చేయవలెనో మాత్రము మనము తగినంత విచారింపము. నేడు నేను చెప్పబూనినది ఆ రెండవ సంగతి.

2009వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీని మీలో అనేకులు మరచియుండరు. నేడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలుగా నున్న సీమ అప్పుడు మహబూబునగరు జిల్లాలోనిది. ఎగువ కురిసిన కుంభవృష్టికి కృష్ణ, తుంగభద్ర, హంద్రి ఒక్కమారే పొంగినవి. కర్నూలు పట్టణము మునిగెను. అలంపురము, రాజోలి జలమయములయ్యెను. శ్రీశైల జలాశయమునకు సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చెను. దాని పూర్తి మట్టము 885 అడుగులు; నీరు ఆ మట్టమును మించి నిలిచెను.

అప్పుడు నేను తుంగభద్ర యొడ్డున ఒక గ్రామములో తెలుగు పండితుడను. మూడవనాడు నీరు తీయగానే ఇంటికి మరలితిమి. పెరటి బావిలోని నీరు తేరి అద్దమువలె నుండెను. తేరిన నీరు మంచినీరే యని తలచి చేదతో తోడి, వడగట్టి అందరకు త్రాగనిచ్చితిని. కాచి త్రాగుదమని నా భార్య చెప్పినను, తడిసిన కట్టెలు మండవని త్రోసివైచితిని. మరునాటి రాత్రికి మా తల్లికి విరేచనములు పట్టుకొనెను. కన్నులు గుంటలు పడి, మాట పడిపోవునంత దాక వచ్చెను. ఆసుపత్రిలో నాలుగు దినములు సెలైను ఎక్కించిన పిమ్మట ఆమె బ్రతికి బయటపడెను. ముప్పదియేండ్లు పిల్లలకు పాఠములు చెప్పబోవు నేను ఒక కుండెడు నీరు కాచుటకు బద్ధకించితిని. ఆ తప్పు నాదే. అందుచేతనే మీకీ మాటలు చెప్పుచున్నాను.

ఇంటికి మరలునప్పుడు మొదట చూడదగినది గోడ. మన మట్టిమిద్దెలు పైన మన్ను మోయుచుండును. తడిసిన మన్ను బరువెక్కును, క్రింది గోడ నానియుండును. వాన వెలిసి ఎండ కాయుచున్నప్పుడు సైతము అట్టి గోడ కూలవచ్చును. కావున బీటలు వారెనేమో, ఉబ్బెనేమో, దూలము జారెనేమో వెలుపలనుండి పగటివేళ చూడవలెను. అనుమానమున్నచో మేస్త్రీ చూచువరకు ఎవరును లోనికి పోరాదు.

రెండవది విద్యుత్తు. నీరు నిలిచియున్న యింట స్విచ్చి ముట్టరాదు. తెగిపడిన తీగ దరికి పోక లైనుమనిషికి కబురంపవలెను. మీటరు, తీగలు ఆరి, తెలిసినవాడు పరీక్షించిన పిమ్మటనే దీపము వెలిగింపవలెను.

మూడవది విషజంతువులు. పాములు, తేళ్లు మెట్టను వెదకుకొని అటకలలో, కట్టెలమోపులలో, పరుపుల నడుమ దాగును. కఱ్ఱతో కదలించిన పిమ్మటనే చేయి పెట్టవలెను. పాము కరచినచో కోయుట, పీల్చుట, మంత్రము వేయించుట మాని, కరచిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

ఇక బురద. వరద తెచ్చిన ఒండ్రులో మరుగుదొడ్ల మలినము, చచ్చిన పశువుల కుళ్లు, ఎలుకల మూత్రము కలిసియుండును. కాలి పుండునుండి రోగము లోనికి చొచ్చును. చెప్పులు కాక మోకాలి బూట్లు ధరింపవలెను. గాయమైనచో కడిగి, ధనుర్వాతపు సూది వేయించుకొనవలెను. బురద పచ్చిగా నుండగనే ఎత్తిపోసి, సబ్బునీటితో కడిగి, పిదప బ్లీచింగు పొడి కలిపిన నీటితో తుడువవలెను. ఆ పొడిని మరుగుదొడ్డి యాసిడుతో కలుపరాదు, విషవాయువు పుట్టును. తలుపులు, కిటికీలు తెరచి గాలికి ఆరనీయవలెను. తడిసిన గాదెలోని, పాతరలోని ధాన్యము బూజుపట్టినచో కడుపు కట్టుకొనియైనను పారవేయవలెను, పశువులకును పెట్టరాదు.

కడపటిది, నా దృష్టిలో ముఖ్యమైనది, బావి. మొదట నీరు తోడిపోసి, ఒండ్రు తీయించవలెను. ఊరిన నీటి లెక్క ఇట్లు కట్టవచ్చును: బావి వ్యాసమును మీటర్లలో కొలిచి, దానిని దానిచేతనే గుణించి, నీటిలోతుచే గుణించి, మరల 785 చేత గుణించినచో లీటర్లు వచ్చును. రెండు మీటర్ల వ్యాసము, మూడు మీటర్ల లోతు గల బావిలో 9,420 లీటర్లుండును. సాధారణముగ 1,000 లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి పట్టును. వరద చొచ్చిన బావికి ఇంకను ఎక్కువ కావలసియుండును గాన ఆరోగ్య కార్యకర్తచే నీరు పరీక్ష చేయించి మోతాదు నిర్ణయింపవలెను. పొడిని బకెట్టులో కలిపి, సున్నము అడుగంటిన పిమ్మట పైతేటను మాత్రమే బావిలో కలుపవలెను. కనీసము ఒక గంట ఆగవలెను. అంతవరకును, ఆపైన కొన్నాళ్లును, తెర్లు కాగిన నీరే త్రాగవలెను.

విరేచనములు పట్టినచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు సమముచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి మాటిమాటికి త్రాగించుచు వైద్యుని యొద్దకు పోవలెను. చెంచా యనగా చిన్న టీ చెంచా.

గ్రామపెద్దలారా! ఆకలితో, అలసటతో మరలివచ్చినవాడు ఆలోచింపలేడు. అతనికై మీరు ముందుగా ఆలోచింపవలెను. నీరు తీసిననాడే ఊరి బావులన్నిటిపై ముండ్లకంప వేయించుడు. నీరు శుద్ధియైనదని తేలిన పిమ్మటనే తీయించుడు. ఆనాడు మా పెరటి బావిపై ఎవరైన ఒక కంప వేసియున్నచో, మా తల్లికి ఆ నాలుగు దినముల బాధ తప్పియుండును. సెలవు.