ఊరా... ఇంటిపేరా?

తెలకపల్లి అనగానే నాగర్‌కర్నూల్ జిల్లావాళ్లకు తమ మండలం గుర్తొస్తుంది. పత్రికలు చదివే అలవాటున్నవాళ్లకు పాత్రికేయులు తెలకపల్లి రవి గుర్తొస్తారు. ఒకచోట ఊరు, ఇంకోచోట ఇంటిపేరు. మనకు సందర్భాన్నిబట్టి తెలిసిపోతుంది. మరి కంప్యూటర్‌కి?

దానికి చెప్పడానికే ట్యాగులు. మాటకు ముందొక చీటీ, వెనకొక చీటీ. <ఊరు>తెలకపల్లి</ఊరు> అని రాస్తే అది ఊరు. రెండు ట్యాగులూ, మధ్యలోని మాటా కలిపి ఒక ‘ఎలిమెంట్’. ఇలా చీటీలు పెట్టే పద్ధతే మార్కప్ భాష. 1969లో ఐబీఎంలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అనే ముగ్గురు ‘జీఎంఎల్’తో దీనికి దారి వేశారు. ఆ మూడక్షరాలూ వాళ్ల ఇంటిపేర్లవే! 1998లో వచ్చిన ఎక్స్‌ఎంఎల్‌లోనైతే ఎవరి ట్యాగులు వారే తయారుచేసుకోవచ్చు. తెలుగులోనూ పెట్టుకోవచ్చు. పేరు మధ్యలో ఖాళీ ఉండకూడదు, అంకెతో మొదలుకాకూడదు లాంటి కొన్ని షరతులుంటాయంతే.

చిక్కంతా ట్యాగుకు పేరు పెట్టడంలోనే ఉంది. ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అని పెట్టారనుకోండి. మనకు ఇంటిపేరే ముందొస్తుంది కదా! అమెరికా వెళ్లాక ఆఫీసులో ఇంటిపేరుతో పిలిపించుకున్న మనవాళ్లు ఉన్నారు. మాట ఎక్కడుందో కాదు, అదేమిటో ట్యాగు చెప్పాలి. పాత గ్రంథాలను కంప్యూటర్‌కెక్కించే పండితులు 1987లో మొదలుపెట్టిన ‘టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్’లో ఇంటిపేరుకొకటి, ఊరి పేరుకొకటి విడివిడిగా ట్యాగులున్నాయి.

ఎలా కనపడాలో చెప్పే ట్యాగులతోనూ ఇదే తంటా. ఇంగ్లిషులో పుస్తకం పేరును వాలు అక్షరాల్లో వేస్తారు. మనం కొటేషన్ గుర్తుల మధ్య పెడతాం. ‘వాలుగా’ అనే ట్యాగు మనకెందుకు? ‘పుస్తకం పేరు’ అంటే ఏ భాషవాళ్లు ఆ భాష తీరులో వేసుకుంటారు.

అన్నిటికన్నా మనల్ని ఎక్కువ ముంచింది ‘ఫాంట్’ ట్యాగు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, 2000 ప్రాంతంలో చాలా తెలుగు వెబ్‌పేజీల్లో అసలు తెలుగు అక్షరాలే లేవు. లోపలున్నవి రోమన్ అక్షరాలూ, ఏవో గుర్తులూ. ఫాంట్ ట్యాగు వాటికి తెలుగు వేషం వేసేది. ఆ ఫాంటు మన కంప్యూటర్లో లేదో, అంతా గజిబిజి! వెతికినా మాట దొరకదు. ఈ ట్యాగును వాడొద్దని 1997లోనే హెచ్‌టీఎంఎల్ 4 చెప్పింది. మనవాళ్లకు అప్పట్లో వేరే దారి కనపడలేదు.

ఆ పేజీలను యూనికోడ్‌లోకి మార్చాలంటే ముందు అవి ఏ ఫాంటులో ఉన్నాయో తెలియాలి. ఆ సంగతి చెప్పేది కూడా మనం తిట్టుకున్న ఆ ఫాంట్ ట్యాగే.