ఎముక విరుగు ముప్పును ముందుగా గుర్తించుట ఎట్లు?

తాడిచెట్టు మీదినుండి పడినవానికి కాలు విరిగినదనిన అందులో వింత లేదు. కాని ఇంటి వాకిట నిలుచున్న ముసలమ్మ కాలు జారి కూలబడినంతనే తుంటి విరిగినచో, ఆమె పడుటకు ఎన్నో ఏండ్లకు ముందే ఆ ఎముక లోలోపల బలహీనమై యుండవలెను. నిలుచున్న ఎత్తునుండి, లేక అంతకంటె తక్కువ ఎత్తునుండి పడినందుకే విరిగిన ఎముకను వైద్యులు పెళుసుబారిన ఎముకగా లెక్కింతురు. దీనికి సాధారణముగా కారణమగునది ఆస్టియోపొరోసిస్. తెలుగులో దీనిని బోలు ఎముకల వ్యాధి అనుచున్నారు. పేరునుబట్టి ఎముక గొట్టమువలె డొల్లయగునని తలచరాదు. లోపలి జల్లెడవంటి అల్లిక పలుచనై, అందలి సన్నని కమ్ములు తెగిపోవును. పైపెంకు కూడ పలుచబడును.

ఎముక చూచుటకు రాయివలె నున్నను అది సజీవపదార్థము. కొన్ని కణములు పాత ఎముకను కరగించుచుండగా, వాని వెనుకనే మరికొన్ని కణములు క్రొత్త ఎముకను పేర్చుచుండును. మన శరీరములోని కాల్షియములో, అనగా పాఠ్యపుస్తకముల భాషలో ఖటికములో, నూటికి 99 వంతులు ఎముకలలోను పండ్లలోను ఉన్నది. రక్తములో కాల్షియము తగ్గినప్పుడెల్ల శరీరము ఈ కొట్టునుండియే తీసికొనును. సుమారు ముప్పదియేండ్ల ఈడు వరకు కూడబెట్టినదే మూలధనము. ఆ తరువాత జరుగునది వ్యయమే. స్త్రీలలో ముట్లుడిగిన పిమ్మట ఈస్ట్రోజెన్ అను హార్మోను తగ్గుటచే కరగించు కణములకు పగ్గము తొలగిపోవును. మొదటి ఐదారేండ్లలో జరుగు నష్టము అన్నిటికంటె వేగవంతమైనది. గర్భసంచి తీయు శస్త్రచికిత్సలో అండకోశములను కూడ చిన్నవయసుననే తీసివేసినచో ఈ నష్టము అప్పుడే ఆరంభమగును. మన పల్లెలలో ముప్పది, ముప్పదియైదు ఏండ్లకే ఈ శస్త్రచికిత్స చేయించుకొనిన స్త్రీలు కనిపించుచునే యుందురు గనుక ఈ మాట ప్రత్యేకించి చెప్పవలసి వచ్చినది.

జనగామ జిల్లాలోని లింగాల ఘనపూర్ వంటి మెట్టప్రాంతపు గ్రామములో ఈ వ్యాధి ఉన్నదని ముందుగా ఎవరికిని తెలియదు. నొప్పి లేదు, జ్వరము లేదు. నడుము వంగినచో వయసు మీదపడినదందురు. నిజమునకు ఆ వంపులో అనేక పర్యాయములు విరిగి నలిగిన వెన్నుపూసలు ఉండును. వెన్నుపూస విరిగినవారిలో మూడింట రెండువంతుల మందికి అది విరిగిన సంగతియే తెలియదు. పడుచుతనములోని ఎత్తుకంటె నాలుగు సెంటీమీటర్లు తగ్గినవారిని అనుమానింపవలెను. గోడకు మడమలను, వీపును ఆనించి నిలిచినప్పుడు తల వెనుకభాగము గోడకు తగులకున్నను అనుమానింపవలెను. దీనికి ఏ యంత్రమును అక్కరలేదు.

మన ప్రాంతపు స్త్రీల ఎముకలనుగూర్చి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఒక మంచి పరిశోధన చేసినది. అల్పాదాయ కుటుంబములకు చెందిన 30 నుండి 60 ఏండ్ల స్త్రీలు 289 మందిని పరీక్షించి 2005లో ఫలితములను ప్రకటించినది. వారు ఆహారముద్వారా పొందుచున్న కాల్షియము రోజుకు సుమారు 270 మిల్లీగ్రాములు. భారత వైద్య పరిశోధనామండలి 2020లో పెద్దలకు 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాములు ఉండవలెనని నిర్ణయించినది. అనగా కావలసినదానిలో మూడవవంతు కూడ వారికి అందుటలేదు. తొడఎముక మెడవద్ద నూటికి సుమారు 29 మందిలో ఆస్టియోపొరోసిస్ కనిపించినది. వీరంతయు ముదుసలులు కారనుట గమనింపదగినది.

ఇక ముప్పును అంచనా వేయు విధానము. పెద్దనగరముల ఆసుపత్రులలో డెక్సా అను యంత్రము కలదు. రెండు వేర్వేరు శక్తులు గల ఎక్స్‌కిరణములను తుంటిగుండ, నడుముగుండ పంపి, ఎముక వానిని ఎంత అడ్డగించినదో కొలిచి, ఎముక సాంద్రతను లెక్కగట్టును. మామూలు ఎక్స్‌రే పటములో లోపము కనబడునప్పటికి ఎముకలో మూడవవంతు వరకు నశించియుండును. డెక్సా అంతకంటె చాల ముందుగానే పట్టుకొనును. వచ్చిన విలువను ఆరోగ్యవంతురాలైన పడుచు స్త్రీ సాంద్రతతో పోల్చి టి-స్కోరు అందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో వెలువరించిన నిర్ణయము ప్రకారము అది మైనస్ 2.5 లేక అంతకు దిగువ నున్నచో ఆస్టియోపొరోసిస్. ఒక్కొక్క అంకె దిగినకొలది విరుగు ముప్పు సుమారు రెండింతలగును.

అయినను సాంద్రత ఒక్కటే చాలదు. ఎముక విరిగినవారిలో అధికసంఖ్యాకుల టి-స్కోరు మైనస్ 2.5కు ఎగువనే యుండును. ఆ తరగతిలో జనమే ఎక్కువగుట ఇందుకు కారణము. అందుచేత ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయమున జాన్ కానిస్ బృందము 2008లో ఫ్రాక్స్ అను గణనపద్ధతిని ప్రవేశపెట్టినది. వయస్సు, స్త్రీపురుష భేదము, ఎత్తు, బరువు, పెద్దయిన తరువాత ఎముక విరిగియున్నదా, తల్లికిగాని తండ్రికిగాని తుంటి విరిగినదా, పొగత్రాగుట, మద్యము, కీళ్లవాతము, స్టెరాయిడు మందుల వాడుక — వీనినన్నిటిని తీసికొని, రాబోవు పదేండ్లలో ఎముక విరుగు అవకాశము నూటికి ఎంతయో తెలుపును. సాంద్రత తెలియకున్నను లెక్క చేయవచ్చును.

స్టెరాయిడులను గురించి ఒక మాట. ప్రెడ్నిసొలోన్ వంటి మందును రోజుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకుండ మూడునెలలు వాడినను ఎముకకు చేటు కలుగును. మోకాళ్లనొప్పులకు ఎవరో ఇచ్చిన పేరులేని బిళ్లలను ఏండ్ల తరబడి మ్రింగువారు, ఆ బిళ్లలలో ఏమున్నదో అర్హుడైన వైద్యునిచేత చూపించుకొనుట అవసరము. కాని తమంతట తాము హఠాత్తుగా మానరాదు, అదియును ప్రమాదమే.

యంత్రము, గణనము రెండును అందనిచోట ఆసియా స్త్రీలకొరకు 2001లో వెలువడిన ఓస్టా అను తేలిక లెక్క కలదు. ముట్లుడిగిన స్త్రీ బరువునుండి (కిలోలలో) వయస్సును తీసివేసి, వచ్చినదానిని ఐదుతో భాగింపవలెను. 66 ఏండ్ల వయస్సు, 41 కిలోల బరువు అనుకొందము. 41లోనుండి 66 పోగా మైనస్ 25. ఐదుతో భాగింపగా మైనస్ 5. మైనస్ 4కు దిగువ నున్నది గనుక ముప్పు అధికము. 58 ఏండ్లు, 60 కిలోలు అయినచో ముప్పు స్వల్పము. ఇది వ్యాధి నిర్ణయము కాదు. ఎవరిని ముందుగా పట్టణమునకు పరీక్షకు పంపవలెనో తేల్చుటకు మాత్రమే. ఆశా కార్యకర్తయైనను ఒక త్రాసుతో ఈ పని చేయగలదు.

మన ప్రాంతములో ఈ కొలతలన్నిటిని తికమకపెట్టు విషయము మరొకటి ఉన్నది. అది నీరు. జనగామ ప్రాంతము, ఫ్లోరైడుకు పేరుపడిన పూర్వపు నల్లగొండ జిల్లా నేలకు ఆనుకొనియున్నది. నల్లగొండ ఫ్లోరోసిస్‌ను గూర్చి ఏ. హెచ్. సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ వైద్యపత్రికలో వ్రాసియుండెను. 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అను పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు లాన్సెట్ పత్రికలో ఒక వింతను ప్రకటించిరి. మన రాష్ట్రపు ఫ్లోరైడు గ్రామములలో పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగిపోవుటయు, వారి ఎముకలలో ఆస్టియోపొరోసిస్ ఉండుటయు వారు గమనించిరి. ఫ్లోరైడు పెద్దల వెన్నెముకను గట్టిపరచుచుండగా అదే గ్రామమున చేతికాళ్ల ఎముకలు పలుచబడుచుండెను!

గట్టిదనము బలము కాదనుటకు దీనికంటె స్పష్టమైన నిదర్శనము అమెరికాలో లభించినది. ఫ్లోరైడు ఎముక సాంద్రతను పెంచును గదా అని, మాయో క్లినిక్ వైద్యులు ఆస్టియోపొరోసిస్ ఉన్న 202 మంది స్త్రీలలో కొందరికి సోడియము ఫ్లోరైడు నిచ్చి నాలుగేండ్లు పరిశీలించిరి. 1990లో ప్రకటించిన ఫలితము ఇది: నడుము వెన్నుపూసల సాంద్రత నూటికి 35 వంతులు పెరిగినది, కాని వెన్నుపూసలు విరుగుట చెప్పుకోదగినంతగా తగ్గలేదు, ఇతర ఎముకలు విరుగుట మూడింతలైనది. ఫ్లోరైడు చేరిన ఎముక స్ఫటికము సుద్దముక్కవలె గట్టిగా నుండి పుటుక్కున విరుగును. కనుక ఏండ్ల తరబడి ఫ్లోరైడు బోరునీరు త్రాగిన స్త్రీకి డెక్సాలో మంచి అంకె వచ్చినను ధైర్యపడుటకు వీలులేదు. ఏ ఊరి నీరు ఎన్నేండ్లు త్రాగినదో వైద్యునకు తప్పక చెప్పవలెను. ఫ్రాక్స్ పట్టికలో ఆ ప్రశ్నయే లేదు. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథచే నదీజలము గ్రామములకు వచ్చుచున్నది. అయినను ఎముకలో పూర్వము చేరిన ఫ్లోరైడు అంత త్వరగా వదలదు.

నివారణలో ఆహారమునకు మొదటిచోటు. నూరు గ్రాముల బియ్యములో కాల్షియము పది మిల్లీగ్రాములైన ఉండదు. జొన్నలలో సుమారు 28, పాలలో 120, తోటకూరలో 330, రాగులలో 360 మిల్లీగ్రాములు ఉండును. పొట్టుతీయని నువ్వులలో వేయికి మించి యుండును గాని వానిని రోజుకు చెంచాడు మాత్రమే తినగలము. సంక్రాంతి సకినాలలో పడు నువ్వులు ఏడాది పొడుగునను పచ్చడిలో, పొడిలో పడినచో మేలు. రాగి అంబలిలో మజ్జిగ కలిపి పుచ్చుకొనుట నా దృష్టిలో ఏ బిళ్లకును తీసిపోదు. విటమిను డి లేనిదే ఈ కాల్షియము ప్రేగులనుండి రక్తములోనికి సరిగా చేరదు. ఇంత ఎండ కాయు దేశములో దానికి కొరత ఏల యనవచ్చును. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ పరిశోధకులు పల్లెలలోను పట్టణములోను పరీక్షించి ఈ కొరత విస్తారముగా ఉన్నదని చూపిరి. పొలములో పనిచేయువారి స్థితి కొంత మెరుగు. పొలము మానుకొని ఇంటిలో కూర్చున్న వృద్ధులకే చిక్కు.

తుంటి విరుగుటలో నూటికి తొంబదివంతులు పడుటచేతనే సంభవించును. ప్రక్కకు పడుట మరీ చెడ్డది. కుర్చీనుండి లేచి, మూడు మీటర్లు నడచి, తిరిగివచ్చి కూర్చుండుటకు 12 సెకనులో అంతకు మించియో పట్టినవారికి పడు ముప్పు ఎక్కువ. స్నానపు బండమీది పాచి, ఎత్తైన గడప, అర్ధరాత్రి దీపము లేని పెరటిదారి, అరిగిన చెప్పులు, మసకబారిన కన్ను, నిద్రబిళ్లలు, సాయంకాలపు కల్లు — పడవేయునవి ఇవి. కంటిశుక్లము తీయించుట కూడ ఎముకను కాపాడు చికిత్సయే యనిన కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. చేతులూనకుండ కుర్చీలోనుండి పదిమార్లు లేచి కూర్చుండుట తొడలకు సత్తువ నిచ్చును.

ముప్పు అధికమని తేలినవారికి మందులు కలవు. వారమునకొకసారి పుచ్చుకొను అలెండ్రొనేటు బిళ్లను పరగడుపున గ్లాసెడు మంచినీటితో మ్రింగి, అరగంటసేపు పండుకొనక నిటారుగా నుండవలెను. లేనిచో అన్నవాహికలో పుండు పడును. ఆరునెలలకొకసారి ఇచ్చు డెనొసుమాబ్ సూదిమందును, మారుమందు లేక నడుమ మానినచో వెన్నుపూసలు వరుసగా విరుగవచ్చును. ఖరీదు భరింపలేక ఒక సూదితో ఆగువారు ముందుగా ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

తుంటి విరిగిన తరువాత కట్టువైద్యునివద్దకు పోయి రోజులు గడుపరాదు. చేతిఎముకకు అక్కరకు వచ్చిన కట్టు తుంటికి పనికిరాదు. మంచముపట్టిన వృద్ధులకు ఊపిరితిత్తులలో నిమ్ము, వీపున పుండ్లు కలిగి, ఏడాది తిరుగకముందే సుమారు ఐదింట ఒకరు మరణింతురు. శస్త్రచికిత్స ఒకటి రెండు రోజులలో జరిగి, మరునాడే లేపి నిలువబెట్టుట ఉత్తమము. శస్త్రచికిత్సతో పని ముగిసినదని ఇంటికి పంపుటయే తరచు జరుగుచున్నది. ఎముక ఏల విరిగినదను ప్రశ్న ఎవరును వేయరు. తుంటి విరిగి మరమ్మతైన 2127 మందిలో సగముమందికి మూడునెలలలోపల జొలెండ్రానిక్ ఆమ్లపు సూదిమందు నిచ్చి, ఏటేట ఒకసారి కొనసాగింపగా, మరల ఎముక విరుగుట నూటికి 35 వంతులు, మరణములు 28 వంతులు తగ్గినట్లు 2007లో ప్రకటింపబడినది.