శిక్షయా? శిక్షణమా?



'శిక్ష' అను మాటకు సంస్కృతమున విద్య నేర్పుట యని అర్థము. మన వాడుకలో నది దండనమైనది. బడిపంతులు చేతి బెత్తము ఈ రెండర్థములను ఒక్కటి చేసినది. పిల్లవాడు ఎక్కము తప్పిన దెబ్బ తగులును, అంతతో సరి. కాని వందలమందిని ఎక్కించుకొని ఆకాశమున పోవు విమానచోదకుని విషయమున ఈ రెంటిని వేరుచేసి చూడవలెను. నేడు నేను మీకు మనవి చేయదలచినది ఇదియే.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. విజయనగరమువారైన పూసపాటి అశోకగజపతిరాజుగారు 2014 మొదలు 2018 వరకు కేంద్రమున పౌరవిమానయాన మంత్రిగా నుండిరి. శ్రీకాకుళము లోకసభ సభ్యులు కింజరాపు రామ్మోహననాయుడుగారు 2024 జూనులో ఆ పదవినే స్వీకరించిరి. భోగాపురము విమానాశ్రయమునకు 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగినది. మన బిడ్డలు విమానము లెక్కుటకే కాక, నడుపుటకును పోవు కాలమిది.

చోదకుని చదువు లైసెన్సుతో ముగియదు. ప్రయాణికుల విమానము నడుపువాడు ఏటికి రెండుమారులు పరీక్షకు నిలువవలెను. అది మిక్కిలిగా నేలమీదనే, సిమ్యులేటరను యంత్రములో జరుగును. అందు కూర్చున్నవానికి ఆకాశమున నున్నట్లే తోచును. పరీక్షకుడు ఇంజను ఆగినట్లు చేయును. పొగమంచు క్రమ్మినట్లు చేయును. తప్పినవాడు మరల నేర్చి నెగ్గువరకు ప్రయాణికులను తీసికొనిపోరాదు. ఈ కట్టడి న్యాయమే. కాని పరీక్షకుడు గద్దించువాడైనచో, చోదకుడు పరీక్ష గట్టెక్కు ఉపాయమునే నేర్చును గాని పనిని నేర్వడు. "ఇది నాకు పట్టుపడలేదు, మరల చూపుడు" అని నోరెత్తడు. నేలమీద దాచిన లోపము ఆకాశమున బయటపడును.

అమెరికాలో 1974 డిసెంబరు 1వ తేదీన, వాషింగ్టను నగరమునకు చేరువలో ఒక విమానము కొండను తాకి, అందున్న 92 మందియు మరణించిరి. విచారింపగా, అంతకు ఆరువారములు ముందే వేరొక కంపెనీ చోదకులు అట్టి పొరపాటుచేతనే ఆ కొండకు తగులబోయి తప్పించుకొనిరని తేలినది. వారు తమ కంపెనీకి చెప్పిరి. ఆ కంపెనీ తనవారిని హెచ్చరించినది. తక్కినవారికి ఆ కబురు చేరలేదు. అందుపై 1976లో ఆ దేశమువారు ఒక ఏర్పాటు చేసిరి. చోదకుడు తన పొరపాటును దండించు కచేరికి గాక, నాసా యను వేరొక సంస్థకు వ్రాసి పంపును. వారు అతని పేరు తొలగించి, అందలి పాఠమును మాత్రము అందరికి తెలుపుదురు. కావలెనని చేయనిదై, ప్రమాదము కలుగనిదై, పదిదినములలో వ్రాసినదైనచో సాధారణముగా దండన ముండదు.

మన దేశపు సంగతి చూడుడు. 2010 మే 22వ తేదీన దుబాయినుండి వచ్చిన విమానము మంగళూరున దిగుచు, రన్‌వే దాటి లోయలో పడెను. 166 మందిలో 158 మంది మరణించిరి. దిగుట కుదరలేదనియు, మరల పైకి లేవవలెననియు సహచోదకుడు మూడుమారులు చెప్పెను. దారిలో చాలసేపు నిద్రించి లేచిన కెప్టెను వినలేదు. చిన్నవాడు చెప్పెనే గాని, చేయి చాచి ఆపలేకపోయెను. పెద్దవాని మాటకు అడ్డుపడుట అపరాధమని నేర్చినవాడు ఆ క్షణమున చేయి యెట్లు చాచును? ఆ ధైర్యము శిక్షణమునందే అలవడవలెను.

మన భావనపాడు, కళింగపట్నము తీరములలో పడవవాడు అల కుదరనిచో వెనుకకు తగ్గి వేరొక అలకై కాచుకొనును. అతనిని పిరికివాడని ఎవరును అనరు. విమానమును మరల పైకి లేపినవానినిగూడ అట్లే చూడవలెను. "ఏల లేపితివి? నూనె ఏల వృథా చేసితివి?" అని సంజాయిషీ అడిగినచో, మరునాడు వేరొకడు కుదరకున్నను దిగజూచును. అందుచేతనే పైకి లేచినందుకు దండన ముండరాదని విమానయానలోకము అంగీకరించినది. ప్రమాదవిచారణ సైతము మరల అట్టిది జరుగకుండుటకే గాని, నింద మోపుటకు గాదని అంతర్జాతీయ నియమము కలదు.

అట్లని అన్నిటిని క్షమింపుమని నేను చెప్పను. త్రాగి వచ్చినవానిని, తెలిసియు నియమమును త్రోసిపుచ్చినవానిని దండింపవలసినదే. ఎంత నేర్పినను పని పట్టుపడనివానిని దయతలచి నెగ్గించుట ప్రయాణికులకు ద్రోహము. కావలెనని చేసినదానికి శిక్ష. తెలియక చేసినదానికి శిక్షణము. ఈ హద్దు చెరిగినచోట భయము మిగులును, విద్య పోవును.

తప్పు చెప్పుకొన్నవానిని కొట్టిన ఇంట రెండవ తప్పు ఎవరును చెప్పరు. పెద్దలు మీరెరుగనిది కాదు.